నేరేడు, జామ చెట్ల బెరడు మీద గోధుమరంగు పట్టీలు: చెదలేనా? చెట్టు కొట్టించమంటున్నారు

గుణదల_పెరడు

నమస్కారం అండీ. మాది విజయవాడ, గుణదల. పెరట్లో ఒక పెద్ద నేరేడు చెట్టు, దాని పక్కనే రెండు జామ చెట్లు ఉన్నాయి. నేరేడు మా అత్తగారు కాపురానికి వచ్చిన కొత్తలో వేసిన మొక్క. దసరా ముందు నుంచి కొమ్మలు చీలే చోట గోధుమరంగు పట్టీలు కనిపిస్తున్నాయి. వంకరటింకరగా బెరడు మీద పాకినట్టు ఉన్నాయి. జామకి ఎక్కువ, నేరేడుకి రెండు మూడు చోట్లే. వేలితో గీకితే పొడిగా రాలుతోంది, కింద బెరడు గీరేసినట్టు పచ్చిగా ఉంది.

కొమ్మలు కొట్టడానికి పిలిచిన మనిషి చూసి "చెదలు పట్టిందమ్మా, లోపలంతా డొల్ల అయ్యుంటుంది, గాలివానకి ఇంటి మీద పడుద్ది, మొదలుకంటా కొట్టించెయ్యండి" అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. అత్తగారు కొట్టనివ్వనంటున్నారు, మావారు భయపడుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, కొట్టించక తప్పదా?

సింగ్‌నగర్_మేడ

చెదలే అయ్యుంటాయండీ. బుడమేరు వరద తర్వాత మా వైపు ప్రతి ఇంట్లో ఇదే గొడవ. క్లోరిపైరిఫాస్ నీళ్లలో కలిపి మొదట్లో పోయండి, పోతుంది. చెట్టు కొట్టించాల్సిన పని లేదు.

పెనుమాక_జామతోట

అమ్మా, మందు పోయకముందు ఒక్క పని చేయండి. ఆ పట్టీని నెమ్మదిగా రెండు వేళ్లతో పట్టుకుని పైకి లేపండి. చెదలు కట్టింది అయితే మట్టి. పెళుసుగా విరిగి పొడి అవుతుంది, లోపల తెల్లటి చిన్న పురుగులు గబగబా పరుగెడతాయి. అలా కాకుండా చాపలాగా లేచి, అంచుల్లో సన్నటి దారాలు సాగితే అది వేరే సంగతి. పట్టీ ఎక్కడ మొదలైందో అక్కడిదాకా వెళ్లి, రంధ్రం ఉందేమో చూడండి. మామూలుగా కొమ్మ పంగలోనే ఉంటుంది. ఫోటో పెట్టగలిగితే ఇంకా మంచిది.

గుణదల_పెరడు

ఇప్పుడే చూసొచ్చాను. మీరన్నట్టే దారాలు సాగాయి. సాలెగూడులో రంపపు పొట్టు, చిన్న చిన్న నల్లటి గుళికలు అతుక్కుపోయినట్టుంది. మట్టి లేదు. పట్టీ చివర పంగలో పెన్సిల్ దూరేంత రంధ్రం కనిపించింది. దాని చుట్టూ పొట్టు ఇంకా తడిగానే ఉంది. పురుగు మాత్రం ఎక్కడా కనపడలేదు.

పెనుమాక_జామతోట

పగలు కనపడదు. రంధ్రంలో ఉంటుంది. రాత్రి ఎనిమిది తర్వాత టార్చి వేసి, పట్టీ అంచు కొంచెం లేపి చూడండి.

లాం_రోడ్డు

గుణదల మేడమ్ గారికి, ఇది బెరడు తినే గొంగళి పురుగు. శాస్త్రీయ నామం ఇండార్బెలా క్వాడ్రినొటాటా. 1856లో వాకర్ అనే కీటక శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. దీని దగ్గరి బంధువు ఇండార్బెలా టెట్రయోనిస్ కూడా మన దగ్గర ఉంది, రెండింటి పనీ ఒకటే. నేను గుంటూరు చుట్టుపక్కల తోటలు తిరిగే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి దీని జీవితం కాస్త వివరంగా చెబుతాను. అది తెలిస్తే ఎప్పుడేం చేయాలో మీకే అర్థమవుతుంది.

దీనికి ఏడాదికి ఒకటే తరం. ఎండాకాలం చివర్లో, అంటే మే, జూన్ నెలల్లో తల్లి పురుగులు (రెక్కలొచ్చిన పెద్ద పురుగులు) బయటికి వస్తాయి. లేత గోధుమరంగు, రెక్కల మీద ముదురు మచ్చలు, రెక్కలు చాపితే మూడున్నర నాలుగు సెంటీమీటర్లు. వాటికి తినడానికి నోరు సరిగ్గా ఏర్పడదు, కొద్ది రోజులే బతుకుతాయి. ఆ కొద్ది రోజుల్లోనే బెరడు పగుళ్లలో 15 నుంచి 25 గుడ్ల చొప్పున గుంపులుగా పెడతాయి. ఎనిమిది పది రోజులకి పిల్లలు బయటికొచ్చి ముందు బెరడును కొరుకుతాయి, తర్వాత ఏదో ఒక పంగ చూసుకుని చెక్కలోకి తొలుస్తాయి. ఒక రంధ్రంలో ఒకటే పురుగు.

చాలామంది పొరపడేది ఇక్కడే. ఇది చెక్క తిని బతికే పురుగు కాదు. చెక్కలో చేసుకునే సొరంగం దానికి ఇల్లు మాత్రమే, పొడవు 15 నుంచి 25 సెంటీమీటర్లు. తిండి బయట ఉన్న బెరడు. రాత్రి బయటికొచ్చి తింటుంది. పిట్టల కంటా చీమల కంటా పడకుండా తను నడిచే దారంతా పట్టుతో కప్పి, దాని మీద పొట్టు, తన రెట్ట అతికించుకుంటుంది. మీరు చూసిన పట్టీ అదే. తొమ్మిది పది నెలలు ఇలాగే బతుకుతుంది. పూర్తిగా పెరిగాక నాలుగు సెంటీమీటర్ల పైనే ఉంటుంది, మురికి గోధుమరంగు ఒళ్లు, ముదురు తల. ఏప్రిల్, మే నెలల్లో ఆ సొరంగంలోనే ప్యూపాగా (గొంగళికి, రెక్కల పురుగుకి మధ్య కదలకుండా ఉండే దశ) మారి, మూడు నాలుగు వారాలకి తల్లి పురుగై ఎగిరిపోతుంది.

కాబట్టి "లోపలంతా డొల్ల" అన్న మాట ఈ పురుగు విషయంలో నిజం కాదు. పెద్ద నేరేడు మాను పెన్సిల్ మందం సొరంగాలు రెండు మూడింటికి పడిపోదు. అసలు నష్టం బెరడు పోవడం వల్ల జరుగుతుంది. ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగేది బెరడు లోపలి పొరలోంచే. అది గీరేస్తే ఆ కొమ్మ కింద ఉన్న వేరుకి తిండి తగ్గుతుంది, కాపు తగ్గుతుంది. సన్నటి కొమ్మకి చుట్టూ తినేస్తే అది ఎండిపోతుంది. రెండు మూడేళ్ల మొక్క అయితే చచ్చిపోవచ్చు కూడా. పంగ దగ్గర సొరంగం ఉన్న కొమ్మ పెద్ద గాలికి విరిగే మాట మాత్రం వాస్తవం. మీరు చూసుకోవాల్సింది ఇంటి మీదికి వాలిన కొమ్మల పంగలు.

ఇంకొకటి. మన రాష్ట్రంలో వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) 2002 నుంచి ఉంది. చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. వచ్చిన మనిషి ఆ మాట చెప్పి ఉండడు.

సింగ్‌నగర్_మేడ

ఇంత తెలియదండీ, థాంక్స్. మరి మందు ఏది? మా ఏరియాలో ఒక షాపులో అడిగితే "డైక్లోరోవాస్ దూదిలో ముంచి కన్నంలో పెట్టు" అన్నాడు. ఒక పాత బాటిల్ కూడా తీసి చూపించాడు.

లాం_రోడ్డు

తీసుకోకండి. డైక్లోరోవాస్‌ను కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వులో నిషేధిత జాబితాలో చేర్చింది, 2020 డిసెంబర్ 31 నుంచి దాని వాడకం పూర్తిగా బంద్. అదే జాబితాలో ఫోరేట్, ట్రయజోఫాస్ లాంటివీ ఉన్నాయి. పాత కరపత్రాల్లో, పాత పుస్తకాల్లో ఈ పురుగుకి డైక్లోరోవాస్ అని ఇంకా కనిపిస్తుంది, అందుకే షాపుల వాళ్ల నోట ఆ పేరే వస్తోంది. ఇంటి పెరట్లో, పిల్లలు పళ్లు కోసుకునే చెట్టుకి అసలే వద్దు. క్లోరిపైరిఫాస్ మొదట్లో పోసినా లాభం లేదు, పురుగు ఉండేది పైన పంగలో.

పెనుమాక_జామతోట

మందు సంగతి సార్ చెప్పారు కాబట్టి చేత్తో చేసే పని నేను చెబుతాను. మాది కృష్ణ ఒడ్డున జరీబు భూమి, జామ తోట మా నాన్నగారి కాలం నుంచి ఉంది. ఈ పురుగుతో మాకు ఏటా పనే.

ముందు ఒక గోనెగుడ్డ ముక్కో, బిరుసు బ్రష్షో తీసుకుని పట్టీలన్నీ తుడిచేయాలి. ఒక్కటీ వదలకూడదు. ఇది చేస్తే రెండు లాభాలు. రంధ్రాలన్నీ బయటపడతాయి, పురుగుకి పైకప్పు పోతుంది. తర్వాత సైకిల్ చువ్వ తీసుకుని రంధ్రంలోకి నెమ్మదిగా పోనివ్వాలి. సొరంగం తిన్నగా ఉండదు, మధ్యలో ఆగితే బలవంతం చేయొద్దు, బైండింగ్ వైరు వాడండి, వంపు తిరుగుతుంది. మెత్తగా ఏదో తగిలి, వైరు కొసకి తడి అంటితే పురుగు దొరికినట్టే.

వైరు అందకపోతే దూదిని పెట్రోల్‌లో తడిపి రంధ్రంలోకి కూరి, పైన తడి బంకమట్టితో గట్టిగా మూసేయాలి. పెట్రోల్ ఆవిరికి లోపల ఊపిరాడక చస్తుంది. దూది తడిస్తే చాలు, పెట్రోల్ కారకూడదు, కారితే బెరడు మాడుతుంది. దగ్గర్లో బీడీ, అగ్గిపెట్టె, పొయ్యి ఏవీ ఉండకూడదు. పిల్లల్ని దగ్గరికి రానీయకండి. మీది ఇంటి పెరడు కాబట్టి మళ్లీ మళ్లీ చెబుతున్నాను. వైరుతో పోయేదానికి పెట్రోల్ జోలికి వెళ్లొద్దు.

పని అయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, తుడిచిన చోట మళ్లీ చూడాలి. రెండు మూడు రాత్రుల్లో కొత్త పట్టు, తడి పొట్టు కనిపిస్తే పురుగు బతికే ఉంది. మట్టి మూత ఎండి, పగలకుండా అలాగే ఉంటే పోయినట్టు. మా తోటలో పనివాళ్లకి నేను చెప్పేది ఇదే, చంపడం ఒక పూట పని, తిరిగి చూడటం అసలు పని. చూడకుండా వదిలేసిన చెట్టే మళ్లీ ఏడాదికి పక్క చెట్లకి అంటిస్తుంది.

దీనికి మీరు రాసిన సమయమే మంచిది. అక్టోబర్‌లో పురుగు చిన్నది, సొరంగం పొట్టిది, వైరు అందుతుంది. ఫిబ్రవరి దాకా ఆగితే బెరడు సగం తినేసి ఉంటుంది.

దీపం_పురుగులు

గుంటూరు నుంచి రాస్తున్నాను. రాత్రిపూట తెల్లగుడ్డ కట్టి, లైటు వేసి, వచ్చే పురుగుల ఫోటోలు తీయడం నా అలవాటు. అందరూ దీన్ని చీడగానే మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకో వైపు కూడా చెప్పాలనిపించింది.

ఈ పురుగు మన నేలదే. ఎక్కడి నుంచో ఓడలో వచ్చింది కాదు. దాని పాత చెట్లు నేరేడు, రేగు, నల్లతుమ్మ, దిరిసెన, ఉసిరి, మామిడి. మన దగ్గర ఊరి చివర డొంకల్లో, చెరువు గట్ల మీద ఉండే చెట్లన్నీ ఇవే. జామ దక్షిణ అమెరికా వైపు నుంచి పోర్చుగీసు వాళ్లతో వచ్చిన చెట్టు. అయితే జామ, నేరేడు ఒకే కుటుంబానికి చెందినవి. నేరేడు మీద బతకడం తెలిసిన పురుగుకి జామ కొత్తగా ఏమీ అనిపించి ఉండదు. తురాయి చెట్టు మడగాస్కర్‌ది, దాని మీదా చేరింది. మన దేశపు పురుగు, బయటినుంచి వచ్చిన చెట్లకి ఇంత సులువుగా అలవాటు పడటం నాకు చాలా ఆసక్తిగా ఉంటుంది.

ఎకరాలకి ఎకరాలు ఒకే చెట్టు, దగ్గర దగ్గరగా, కొమ్మలు కత్తిరించకుండా, గాలి వెలుతురు తగలకుండా ఉంచితే అది చీడ అవుతుంది. డొంకలో ఒంటరి నల్లతుమ్మకి రెండు పట్టీలు ఉంటే ఆ చెట్టు దాన్ని మోస్తుంది. ఆ గొంగళి పురుగుల్ని వడ్రంగి పిట్ట తింటుంది. బవేరియా అనే బూజు తగిలి చచ్చినవి కూడా ఉంటాయి, పురుగు గట్టిపడి, ఒంటి మీద తెల్లటి బూజు పట్టి కనిపిస్తుంది. ఆ చెట్ల జోలికి వెళ్లకండని నా మనవి. మీ జామ కాపాడుకోండి, తప్పు లేదు. కానీ కనిపించిన ప్రతి చెట్టుకీ వైరు పట్టుకుని వెళ్లొద్దు.

పెనుమాక_జామతోట

తమ్ముడూ, నువ్వు చెప్పేది అర్థమైంది. గట్టు మీద తుమ్మ జోలికి నేనూ వెళ్లను. కానీ నా తోట పక్కన ఎవరూ పట్టించుకోని పాత రేగు చెట్టు ఉంటే, జూన్‌లో దాని మీంచి ఎగిరిన పురుగు గుడ్లు పెట్టేది నా జామ మీదే. కాయ బరువుకి కొమ్మ పంగలో విరిగినప్పుడు ఆ ఏడు పోయిన కాపుకి ఎవరు లెక్క చెబుతారు? ఊళ్లో చెట్టుకి ఒక న్యాయం, తోట పక్క చెట్టుకి ఒక న్యాయం ఉండాలి.

దీపం_పురుగులు

తోట పక్కన సరేనన్నా, ఒప్పుకుంటాను. నేను అన్నది డొంకలు, గట్లు, పార్కుల చెట్ల గురించి.

బాపట్ల_సరుగుడు

మా వైపు సరుగుడు తోటల్లోనూ ఇదే పురుగు. సరుగుడు కూడా మన చెట్టు కాదు, 1868లో కర్ణాటక తీరంలోని కార్వార్ దగ్గర నాటించారని అటవీ శాఖ వాళ్లు చెబుతారు. ఇప్పుడు మా సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో రైతుకి అదే ఆధారం. సరుగుడులో పురుగు పట్టిన చోట కాండం ఉబ్బి, వంకర తిరుగుతుంది. గాలి ఎక్కువ కాబట్టి అక్కడే విరుగుతుంది. గుంజలకి అమ్ముకుందామనుకున్న కర్రకి ఆ కణుపు ఉంటే ధర పడిపోతుంది. వేల చెట్లకి వైరు పట్టుకుని తిరగలేం. మేం చేసేదల్లా ఎక్కువగా పట్టినవి ముందే తీసేయడం, కింది కొమ్మలు నరికి గాలి ఆడేలా ఉంచడం, నాటేటప్పుడే మరీ దగ్గరగా పెట్టకపోవడం.

నూజివీడు_మామిడి

నాదొక సందేహం. మా మామిడికి మొదట్లో రంధ్రం, అందులోంచి బస్తాలకొద్దీ రంపపు పొట్టు రాలుతోంది. బెరడు మీద పట్టీలు లేవు. ఇదీ అదేనా?

లాం_రోడ్డు

కాదండీ. మీది మామిడి కాండం తొలుచు పురుగు, బాటోసెరా అనే పొడవు మీసాల పెంకు పురుగు జాతి. దాని పిల్ల పురుగు నిజంగా చెక్క తింటుంది, కొమ్మ లోపల గుల్ల చేస్తుంది. చీల్చి చూస్తే తెల్లగా, లావుగా, కాళ్లు లేకుండా ఉంటుంది. ఈ బెరడు పురుగుకి కాళ్లు ఉంటాయి, నడుస్తుంది. పట్టీ ఉంటే గొంగళి పురుగు, పట్టీ లేకుండా పొట్టు మాత్రమే రాలుతుంటే పెంకు పురుగుని అనుమానించండి. మీరు దానికి కొత్త చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కలిపితే చదివేవాళ్లు తికమక పడతారు. ఈలోగా దగ్గర్లోని రైతు సేవా కేంద్రంలో చూపించండి. మామిడిలో ఆలస్యం పనికిరాదు.

గుణదల_పెరడు

అందరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న రాత్రి మావారు, నేను టార్చి వేసి చూశాం. పట్టీ లేపగానే గొంగళి పురుగు వెనక్కి పాకి రంధ్రంలో దూరింది. తల ముందుకే పెట్టి, ఒళ్లంతా వెనక్కి లాక్కుంది. అంత వేగంగా వెనక్కి నడుస్తుందని ఊహించలేదు. పొద్దున్నే పట్టీలు తుడిచి వైరు పెట్టాం. జామలో అన్నిటికీ అందింది. నేరేడులో ఒకటి చాలా పైన ఉంది, అది నిచ్చెనకి అందలేదు. దాన్ని వదిలేయవచ్చా? బెరడు పోయిన చోట ఏం పూయాలి?

లాం_రోడ్డు

పెద్ద నేరేడుకి ఒక్క పురుగు ఉంటే ఉండనివ్వండి. దాని కోసం నిచ్చెన చివర నిలబడొద్దు. ఆ కొమ్మ ఇంటి పైకి లేకపోతే చాలు.

గాయాలకి బోర్డో పేస్ట్. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. మీకు అందులో పదో వంతు చాలు, అంటే వంద గ్రాముల చొప్పున, లీటరు నీళ్లు. మైలుతుత్తం సగం నీళ్లలో, సున్నం సగం నీళ్లలో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ ఒకదాంట్లో పోయాలి. ప్లాస్టిక్ బకెట్టో మట్టికుండో వాడండి, ఇనుము, అల్యూమినియం వద్దు. కలిపాక శుభ్రమైన ఇనుప మేకు ఒకటి అందులో ముంచి తీయండి. మేకు మీద రాగి రంగు పూత పడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం సున్నం కలపాలి. పూత పడకపోతే సరిపోయింది. కలిపిన రోజే పూసేయాలి, నిల్వ ఉంచితే పనికిరాదు. ఇది పురుగుని చంపడానికి కాదు, గాయంలోంచి బూజు, కుళ్లు లోపలికి పోకుండా. చెట్టు నిజంగా డొల్ల అయ్యేది ఆ కుళ్లు వల్లే.

పెనుమాక_జామతోట

జామలు నేరేడు పక్కనే ఉన్నాయని ముందే అన్నారు కదా, నీడ బాగా పడుతూ ఉంటుంది. కాపు అయ్యాక జామ మధ్య కొమ్మలు రెండు తీయించండి, ఎండ మానుకి తగలాలి. చీకటిగా, గుబురుగా ఉన్న చెట్టంటే దీనికి ఇష్టం. కొమ్మలు కొట్టేవాడు మాత్రం ఆ మనిషి వద్దు.

సింగ్‌నగర్_మేడ

మా మునగకి కూడా పంగలో పట్టీ కనిపించింది. ఈ చర్చ చదవకపోతే మొత్తం చెదల మందు పోసేవాణ్ణి. మునగ చెక్క మెత్తన కదా, వైరు జాగ్రత్తగా పెట్టాలా?

పెనుమాక_జామతోట

అవును, మెత్తని చెక్కలో వైరు పక్కకి పోయి కొత్త రంధ్రం చేస్తుంది. దూది, మట్టి పద్ధతే మేలు. లేదా ఆ కొమ్మ వరకు తీసేయండి, మునగ మళ్లీ చిగురు వేస్తుంది.

గుణదల_పెరడు

మే నెల చివర్లో మళ్లీ రాస్తున్నాను. జామలు రెండూ బాగున్నాయి, గాయాల అంచుల్లో కొత్త బెరడు లోపలికి మూసుకొస్తోంది. నేరేడు పైన వదిలేసిన రంధ్రంలోంచి గోధుమరంగు గొట్టంలాంటిది సగం బయటికి పొడుచుకొచ్చి ఉంది. మా పక్కింటి అబ్బాయి ఫోన్‌లో జూమ్ చేసి ఫోటో తీశాడు. ఖాళీగా ఉంది, పైన చిట్లింది. ఇది ఆ ప్యూపా తొడుగేనా?

దీపం_పురుగులు

అదేనండీ! తల్లి పురుగు బయటికి వచ్చేటప్పుడు ప్యూపా సగం రంధ్రం బయటికి జరుగుతుంది, అక్కడ చిట్లి పురుగు ఎగిరిపోతుంది, తొడుగు అలాగే మిగులుతుంది. మీ వరండా లైటు దగ్గర గోడ మీద లేత గోధుమరంగు, మచ్చల రెక్కలతో ఏదైనా వాలితే దయచేసి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. గుణదలలో ఈ జాతి ఫోటో నాకు ఇంతవరకు దొరకలేదు.

లాం_రోడ్డు

సరే, ఇప్పుడు గుడ్లు పెట్టే కాలం మొదలైంది. జూన్, జూలైలో మీకు ఏమీ కనిపించదు, కంగారు పడి ఏదీ పిచికారీ చేయకండి. సెప్టెంబర్ రెండో సగం నుంచి వారానికోసారి జామ పంగలు చూడండి. ఎర్రటి తడి పొట్టు చిటికెడు కనిపించినా అక్కడే వైరు పెట్టండి, ఆ దశలో పురుగు వేలు గోరంత కూడా ఉండదు. సింగ్‌నగర్ సార్, మీ మునగకీ ఇదే. పక్క ఇళ్లలో జామ, రేగు, మునగ ఉంటే వాళ్లకీ చెప్పండి, మీరొక్కరే తుడిస్తే వచ్చే ఏడాది వాళ్ల చెట్టు మీంచి మళ్లీ వస్తుంది.